తాళంచెవి మన దగ్గర, లెక్క ఎవరి దగ్గర?



మే నెల నడిమికి వచ్చేసరికి ఢిల్లీ ఆర్.కె. పురం సెక్టార్లలో ప్రభుత్వ క్వార్టర్లకు ఒక్కొక్కటిగా తాళాలు పడతాయి. బళ్లకు సెలవులిస్తారు. ఎల్.టి.సి., అంటే సెలవు ప్రయాణ రాయితీ, పెట్టుకున్నవాళ్లు విశాఖ వైపైతే ఏపీ ఎక్స్‌ప్రెస్, హైదరాబాదు వైపైతే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఊరు చేరుకుంటారు. ఆ ప్రయాణానికి ముందు తెలుగువాళ్ల ఇళ్లలో జరిగే పని ఒకటుంది. ఊళ్లో పెళ్లిళ్లకు వేసుకోవడానికి నాలుగు నగలు పక్కన పెట్టి, మిగతా కాసులపేరూ, వంకీలూ, రాళ్ల నెక్లెసూ, పిల్లల మురుగులూ పాత పట్టుగుడ్డలో మూటకట్టి బ్యాంకు లాకర్లో పెట్టి రావడం. బయలుదేరేటప్పుడు ఇంటి తాళం ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుంటాం గాని, లాకర్ సంగతి మళ్లీ తలుచుకోం. ఈ నిశ్చింతలో ఇనుమెంత, కాగితమెంత, మన ఊహ ఎంత అన్నది విచారించడమే ఈ ప్రసంగం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బ్యాంకు లాకరు మంచిదే, ఇంట్లో బీరువా కంటే ఎన్నో రెట్లు నయం. అయితే సొమ్ము పోయిన రోజున మనకు అక్కరకొచ్చేది లాకరు బయట మనం దాచుకున్న లెక్క. ఆ లెక్క మన దగ్గర లేకపోతే బ్యాంకు దగ్గరా ఉండదు, పోలీసుల దగ్గరా ఉండదు, కోర్టు దగ్గరా ఉండదు.

లాకరు తెరిచే తీరు ఒకసారి గుర్తు చేసుకోండి. రిజిస్టర్లో సంతకం పెడతాం, వచ్చిన వేళ రాస్తాం. బ్యాంకు ఉద్యోగి మనతో పాటు స్ట్రాంగ్‌రూములోకి వచ్చి, మన లాకరు తలుపుకున్న రెండు కన్నాల్లో ఒకదాంట్లో తన మాస్టర్ తాళంచెవి పెట్టి తిప్పుతాడు. రెండో కన్నంలో మన తాళంచెవి. రెండూ తిరిగితే గాని తలుపు రాదు. తలుపు వచ్చిన మరుక్షణం ఆయన బయటికి వెళ్లిపోతాడు. వెళ్లిపోవాలి కూడా, అది పద్ధతి. మనం ఇనుప డబ్బా ముందుకు లాగి, మూట విప్పి, పెట్టాల్సింది పెట్టి, తీయాల్సింది తీసి మూస్తాం. మూయడానికి సాధారణంగా మన తాళంచెవి ఒక్కటే చాలు. చిక్కంతా ఈ అయిదు నిమిషాల తతంగంలోనే ఉంది. ఏం పెట్టామో, ఏం తీశామో చూసిన రెండో మనిషి లేడు. సీసీ కెమెరా వచ్చిపోయే మనిషిని చూస్తుంది గాని మూటలోని కాసుల్ని లెక్కపెట్టదు. ఆ గోప్యత కోసమే మనం అద్దె కడుతున్నాం మరి. మన పెద్దలు చెప్పే లంకెబిందెల కథల్లో సొమ్ము ఉందని ఊరందరికీ తెలుసు, చోటే తెలియదు. లాకరు విషయంలో చోటు అందరికీ తెలుసు, సొమ్మే తెలియదు.

బ్యాంకుల వాదన దశాబ్దాల తరబడి ఈ తతంగం మీదే నిలబడింది. ఒకరి వస్తువును భద్రం చేయడానికి పుచ్చుకున్నవాడు దాన్ని సొంత వస్తువంత జాగ్రత్తగా చూడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. బ్యాంకులేమో ‘మాకు వస్తువు అప్పగించిందెక్కడ, లోపల ఏముందో మాకేం తెలుసు, మేం ఇంటి ఓనర్లం, మీరు అద్దెకున్నవాళ్లు’ అంటూ వచ్చాయి. 2017లో ఢిల్లీ న్యాయవాది ఒకరు సమాచార హక్కు చట్టం కింద అడిగితే 19 ప్రభుత్వ రంగ బ్యాంకుల జవాబుల సారం ఒక్కటే: లాకర్లోని వస్తువులకు మా పూచీ లేదు. అద్దె ఇంట్లో దొంగ పడితే ఓనరు సొమ్ము కడతాడా అన్న ఈ పోలిక వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఏ ఓనరూ రెండు తాళంచెవుల్లో ఒకటి తన దగ్గర ఉంచుకుని, నేను తిప్పితే గాని నీ ఇంట్లోకి నువ్వు వెళ్లలేవు అనడు. తాళంచెవి పట్టుకున్నాక బాధ్యత పట్టుకోను అంటే కుదరదు.

కుదరదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 19న గట్టిగానే చెప్పింది. ఆ కేసు కలకత్తాలోని యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా దేశప్రియ పార్కు శాఖది. 1950ల మొదట్లో ఒక తల్లి తీసుకున్న లాకరులో 1970లో కొడుకు పేరు కూడా చేర్చారు. 1995 మే నెలలో ఆయన లాకరు తెరవడానికి వెళితే, అద్దె బాకీ ఉందని అంతకు ముందు ఏడాది సెప్టెంబరులోనే దాన్ని పగలగొట్టి వేరొకరికి ఇచ్చేశామని చెప్పారు. నిజానికి ఆ బాకీ పగలగొట్టక ముందే తీరిపోయింది. చివరికి 1997లో పిలిచి చేతిలో పెట్టింది సీలు కూడా లేని కవరు. అందులో ఉన్నవి రెండు నగలు. ఏడు ఉండాలని ఆయన మాట, దొరికినవి ఇవేనని బ్యాంకు మాట. పావు శతాబ్దం వినియోగదారుల ఫోరాల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగాక, లోపల ఏముందో తెలియదన్నంత మాత్రాన బ్యాంకు చేతులు దులుపుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. అయిదు లక్షల రూపాయల పరిహారం, కోర్టు ఖర్చులకు ఇంకో లక్ష ఇవ్వమంది. తప్పు చేసిన ఉద్యోగులు సర్వీసులో ఉంటే ఆ అయిదు లక్షలు వాళ్ల జీతంలోంచి పట్టుకోమంది. ఆరు నెలల్లో లాకర్లకు నిబంధనలు రాయమని రిజర్వు బ్యాంకును ఆదేశించింది. ఇంతవరకూ ఖాతాదారు గెలుపే. అయితే పోయిన అయిదు నగల మాటేమిటి? అవి అసలు లోపల ఉన్నాయా లేవా అన్నది సాక్ష్యంతో తేల్చుకోవలసిన విషయం కాబట్టి సివిల్ కోర్టుకు వెళ్లమంది. దేశంలోని లాకరుదారులందరికీ కొత్త హక్కులు తెచ్చిపెట్టిన కేసులో, ఆ తెచ్చిపెట్టినాయన నగల లెక్క మాత్రం తేలలేదు. నేను చెప్పదలచుకున్నదానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 ఆగస్టు 18న వచ్చాయి, 2022 జనవరి 1 నుంచి అమలయ్యాయి. వాటిలో మంచి చాలానే ఉంది. లాకరు తెరిచిన రోజే ఖాతాదారుకు ఎస్సెమ్మెస్, ఈమెయిలు వెళ్లాలి. స్ట్రాంగ్‌రూములోకి వచ్చిపోయేవాళ్ల కెమెరా రికార్డు కనీసం 180 రోజులు దాచాలి. ఒప్పందం స్టాంపు కాగితం మీద రాసుకుని ఒక ప్రతి మనకివ్వాలి. అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, ఉద్యోగుల మోసం వల్ల నష్టం జరిగితే ఏడాది అద్దెకు వంద రెట్లు పరిహారంగా చెల్లించాలి. వంద రెట్లు అనగానే చెవికి ఘనంగా వినిపిస్తుంది. లెక్క కట్టి చూడండి. చిన్న లాకరుకు ఏడాది అద్దె రెండు వేలనుకుంటే వంద రెట్లు రెండు లక్షలు. పది గ్రాముల మేలిమి బంగారం 2025 ఏప్రిల్‌లోనే లక్ష దాటింది. పది గ్రాములు తులం అనుకుంటే ఆ రెండు లక్షలకు రెండు తులాలు రావు. అమ్మమ్మ కాలం నాటి కాసులపేరులో సగం కూడా దానితో తిరిగి రాదు. పైగా భూకంపం, వరద, పిడుగుపాటు లాంటి ప్రకృతి వైపరీత్యాలకు బ్యాంకు పూచీ లేదు, తగిన జాగ్రత్త తీసుకుంటే చాలు. ఢిల్లీ ఉన్నదేమో భూకంప ప్రమాదం ఎక్కువగా ఉన్న నాలుగో జోన్‌లో. మీ శాఖ స్ట్రాంగ్‌రూము బేస్‌మెంటులో ఉంటే వానాకాలపు నీళ్ల సంగతి కూడా ఆలోచించుకోవాలి. ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేస్తాను. బ్యాంకు మూతపడితే అయిదు లక్షల దాకా వస్తుందంటారే, ఆ బీమా డిపాజిట్లకే. లాకరుకు దానితో సంబంధం లేదు.

ఇదంతా ఎప్పుడో కోటికొకటి జరిగే మాట కదా అనవచ్చు. అరుదే, ఒప్పుకుంటాను. దేశంలో ఉన్న లాకర్ల సంఖ్యతో పోలిస్తే పగిలినవి చాలా తక్కువ. కానీ పగిలిన తీరు చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. 2014 అక్టోబరులో, దీపావళి వారంలో, మనకు వంద కిలోమీటర్ల లోపే ఉన్న సోనీపత్ జిల్లా గోహానాలో దొంగలు పక్కనున్న ఖాళీ ఇంట్లోంచి సుమారు 125 అడుగుల సొరంగం తవ్వి పంజాబ్ నేషనల్ బ్యాంకు స్ట్రాంగ్‌రూములో తేలారు. డెబ్బైకి పైగా లాకర్లు పగిలాయి. సోమవారం తలుపు తీస్తే గాని ఎవరికీ తెలియలేదు. 2017 నవంబరులో నవీ ముంబయిలో అద్దెకు తీసుకున్న దుకాణంలోంచి సొరంగం, 30 లాకర్లు. 2024 డిసెంబరులో లక్నో చిన్‌హట్‌లో గోడకు కన్నం, 42 లాకర్లు. 2023 సెప్టెంబరులో మన ఢిల్లీలోనే, భోగల్‌లో, నగల దుకాణంలో పైకప్పు నుంచి దిగి స్ట్రాంగ్‌రూము గోడ తొలిచారు. వారపు సెలవు అయ్యాక దుకాణం తెరిస్తే బయటపడింది. వీటిలో ఎక్కడా ఎవరూ ఆ బరువైన ఉక్కు తలుపు జోలికి పోలేదు. గోడ, నేల, కప్పు, పక్కింటి ఖాళీ గది, వరుస సెలవులు, వాటితోనే పని కానిచ్చారు. మనం బ్యాంకుకు వెళ్లి తలుపు మందం చూసి మురిసిపోతాం. దొంగ పక్కింటికి టు-లెట్ బోర్డు ఉందా అని చూస్తాడు.

దొంగలు దొరికినా కథ అక్కడితో అయిపోదు. చాలా కేసుల్లో సొమ్ము ఎంతో కొంత దొరుకుతుంది కూడా. దొరికిన నగలు పోలీసు మాల్‌ఖానాలో ఒక గుట్టగా ఉంటాయి. అందులోంచి మనది మనం విడిపించుకోవడాన్ని ఢిల్లీ కోర్టుల్లో సుపుర్దారీ అంటారు. ఈ జత గాజులు మీవేనని ఏమిటి ఆధారం అని అడుగుతారు. బిల్లు ఉందా, ఫొటో ఉందా, హాల్‌మార్కు గుర్తింపు నంబరు రాసుకున్నారా? పెళ్లి ఆల్బంలో మెడలో వేసుకున్న ఫొటో కూడా ఆ పూట పెద్ద సాక్ష్యమే. ఏమీ లేనివాళ్లు అవి మావేనని ప్రమాణం చేస్తూ నిలబడాలి. అదే జత గాజులు తనవని ఇంకొకరు కూడా ప్రమాణం చేయవచ్చు.

ఇప్పుడు తెలంగాణకు వెళదాం. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తి స్టేట్ బ్యాంకు శాఖలో దొంగలు కిటికీలోంచి దూరి, గ్యాస్ కట్టర్‌తో కోసి, దాదాపు 19 కిలోల బంగారు నగలు ఎత్తుకుపోయారు. విలువ 13 కోట్ల పైమాటే. అయితే అవి జనం అద్దె లాకర్లలో దాచుకున్న నగలు కావు, అప్పు కోసం తాకట్టు పెట్టినవి. తాకట్టు పెట్టేటప్పుడు ఏం జరుగుతుందో రైతులకు బాగా తెలుసు. అప్రైజరు ఒక్కో నగనూ గీటురాయి మీద గీసి, తూచి, రాళ్ల బరువు తీసేసి నికర బరువు రాస్తాడు. పొట్లం కట్టి సీలు వేస్తారు. ఒక చీటీ మనకు. కాబట్టి ఎవరిది ఎన్ని గ్రాములు పోయిందన్నదాని మీద అక్కడ పేచీ లేదు. తాకట్టు సొమ్ము తిరిగి అప్పగించవలసింది బ్యాంకే. విడ్డూరం చూడండి. అప్పు చేసి కుదువపెట్టిన బంగారానికి గ్రాముతో సహా లెక్క, పూచీ ఉన్నాయి. అద్దె కట్టి దాచుకున్న బంగారానికి అద్దెకు వంద రెట్లు మాత్రమే. అక్కడా ఇక్కడా స్ట్రాంగ్‌రూమూ ఇనుమూ ఒకటే. తేడా అంతా ఆ చీటీది.

అలాగైతే పోయిన విలువంతా బ్యాంకే కట్టాలని చట్టం చేస్తే పోదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఎంత పోయిందో బ్యాంకుకు తెలియదు, మన మాటే ప్రమాణం. పది తులాలు పోయినవాడు పది అంటాడు, ఏమీ పోనివాడు ఇరవై అంటే కాదనేదెవరు? పూర్తి పూచీ కావాలంటే బ్యాంకు ముందే లోపలికి తొంగి చూడాలి, విలువను బట్టి అద్దె వేయాలి. ఆ రెండూ మనకు ఇష్టం ఉండదు. మిగతా దేశాల్లోనూ ఈ పరిమితులు ఉన్నాయి. 2025 డిసెంబరు చివర్లో జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్‌లో సెలవుల వేళ పార్కింగ్ గ్యారేజీ వైపు నుంచి గోడ తొలిచి మూడు వేలకు పైగా లాకర్లు కొల్లగొట్టారు. అక్కడ లాకరుకు మామూలుగా ఉండే బీమా 10,300 యూరోలు. అంతకు మించి పెట్టుకున్నవాళ్లు వేరే బీమా తీసుకోవలసిందే. అలాగని మన వంద రెట్ల సూత్రాన్ని నేను వెనకేసుకురావడం లేదు. అద్దెకూ లోపలి సొమ్ముకూ ఏ సంబంధమూ లేదు. పెద్ద లాకరులో దస్తావేజులు పెట్టుకున్నవాడికి ఎక్కువ, చిన్న లాకరులో వడ్డాణం పెట్టుకున్నవాడికి తక్కువ రావడం ఏం తర్కం? ఇష్టమైన ఖాతాదారు విలువ ప్రకటించి, అదనపు రుసుము కట్టి, ఆ మేరకు పూచీ తీసుకునే వీలుండాలి. ప్రస్తుత నిబంధనలేమో లాకర్లోని వస్తువులకు బ్యాంకులు బీమా అమ్మకూడదంటున్నాయి. కాబట్టి ఆ బీమా మనమే ఏ జనరల్ ఇన్సూరెన్సు కంపెనీ దగ్గరో విడిగానో, ఇంటి బీమాతో కలిపో చేయించుకోవాలి. వాళ్లూ ముందు అడిగేది వాల్యూయరు సర్టిఫికెట్టే. మళ్లీ లెక్క దగ్గరికే వచ్చాం.

లెక్క రాసిపెడితే ఆదాయపు పన్నువాళ్ల చేతికి చిక్కుతుందేమో, అన్నదమ్ముల మధ్య తగువుకు దారి తీస్తుందేమో అన్న భయం మన ఇళ్లలో లోపల్లోపల ఉంటుంది. పన్ను సంగతి చూద్దాం. సోదాల్లో పెళ్లయిన స్త్రీకి 500 గ్రాములు, పెళ్లికాని అమ్మాయికి 250, మగవాడికి 100 గ్రాముల దాకా నగలను స్వాధీనం చేసుకోవద్దని ప్రత్యక్ష పన్నుల బోర్డు 1994 మే 11నే సూచనలిచ్చింది. అంతకు మించి ఉన్నా, వారసత్వంగా వచ్చిందనో కొన్నదనో చూపగలిగితే ఇబ్బంది ఉండదు. అలా చూపడానికి కావలసింది కూడా ఆ లెక్కే. ఇక అన్నదమ్ముల తగువు. లెక్క లేనప్పుడు పుట్టే తగువుల కంటే లెక్క ఉన్నప్పుడు పుట్టేవి చిన్నవి. చాలా ఇళ్లలో లాకరు భర్త పేరు మీద, నగలేమో భార్య పుట్టింటివి. ఆవిడ స్త్రీధనమని రాసిన కాగితం ముక్క ఒక్కటీ ఉండదు. నామినీ ఉన్నా, బ్యాంకు దగ్గర సొమ్ము అందుకునే హక్కే ఆ పేరుది, అంతమాత్రాన సొమ్ముకు సొంతదారు అయిపోరు.

ఈ బాధలన్నీ ఎందుకు, ఇంట్లోనే పెట్టుకుంటే పోలా అంటే, రెండు నెలలు తాళం పడి ఉండే క్వార్టరుకు అది జవాబు కాదు. ప్రైవేటు వాల్టులు వేళ కాని వేళ కూడా తెరిచి ఉంటాయి, నిజమే. కానీ రిజర్వు బ్యాంకు లాకరు నిబంధనలు వాటికి వర్తించవు. డబ్బు కట్టలు మాత్రం ఎక్కడా పెట్టకండి, ఒప్పందమే ఒప్పుకోదు. 2023లో మురాదాబాదులో ఒకామె కూతురి పెళ్లికని లాకర్లో దాచిన 18 లక్షల నోట్లను చెదలు పిండి చేసేశాయి.

నిబంధనలు రాసినంత మాత్రాన పని జరిగిపోతుందనుకోవడానికీ లేదు. రోజు చివర లాకర్లన్నీ సరిగా మూశారా, స్ట్రాంగ్‌రూములో ఎవరైనా పొరపాటున ఉండిపోయారా అని ఉద్యోగి స్వయంగా చూడాలని ఆ 2021 నిబంధనల్లోనే ఉంది. అవి అమలైన మూడో నెలలో, 2022 మార్చి 28 సాయంత్రం, హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో ఎనభై దాటిన పెద్దాయన లాకరు పని మీద బ్యాంకులోకి వెళ్లారు. సిబ్బంది చూసుకోకుండా తాళం వేసి వెళ్లిపోయారు. షుగరు ఉన్న మనిషి ఆ ఇనుప గదిలో సుమారు 18 గంటలున్నారు. ఇంటివాళ్లు వెతుక్కుని పోలీసుల దగ్గరికి వెళ్లాక, కెమెరా రికార్డులు చూసి మర్నాడు బయటికి తీశారు. మనిషి ఉన్నాడో లేడో చూడని చోట మన మూట సంగతి ఎవరో ప్రత్యేకంగా చూస్తారనుకోవడం అత్యాశ.

ఆర్.కె. పురం లాంటి చోట ఇంకో ముప్పు ఉంది. దానికి దొంగ కూడా అక్కర్లేదు. ఇక్కడివాళ్లు బదిలీల మనుషులు, రిటైరయ్యాక ఊరికి చేరేవాళ్లు. క్వార్టరు ఖాళీ చేసి కాకినాడకో కరీంనగర్‌కో వెళ్లిపోతారు, లాకరు మాత్రం సెక్టారు బ్యాంకులోనే ఉండిపోతుంది. అద్దె ఖాతాలోంచి దానంతటదే పోతుంటుంది గదా అని ధీమా. ఏడేళ్లు తెరవకుండా ఉండి, మనిషి ఆచూకీ బ్యాంకుకు దొరకకపోతే, అద్దె సక్రమంగా అందుతున్నా సరే, లాకరు పగలగొట్టి లోపలి వస్తువులను నామినీకో వారసులకో ఇవ్వడానికి, లేదా అమ్మేయడానికి బ్యాంకుకు అధికారం ఉంది. అద్దె మూడేళ్లు ఆగితే ఎలాగూ పగలగొట్టవచ్చు. ఢిల్లీ చిరునామాకు వచ్చిన నోటీసు ఆ క్వార్టర్లో కొత్తగా చేరినవాళ్ల గుమ్మంలో పడుతుంది. పాత ఫోను నంబరు మారిపోయి ఉంటుంది.

కాబట్టి ఈసారి మీ శాఖకు వెళ్లినప్పుడు ఫోను తీసుకెళ్లి ప్రతి నగనూ విడివిడిగా ఫొటో తీయండి. బరువు, గుర్తులు ఒక కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని లాకర్లో కాకుండా వేరే చోట పెట్టండి. ఒప్పందం ప్రతి మీ చేతికి రాకపోయి ఉంటే అడిగి తెచ్చుకోండి. 2025 నవంబరు నుంచి లాకరుకు ఒకరి తరువాత ఒకరుగా నలుగురిని నామినీలుగా రాసే వీలు వచ్చింది, దాన్ని వాడుకోండి. ఇక క్వార్టరు ఖాళీ చేసేవాళ్లకు ఒక మాట. లారీ మాట్లాడకముందే కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, నో డ్యూస్ సర్టిఫికెట్ అంటూ చీటీ ఒకటి రాసుకుంటారు గదా. ఆ చీటీలో మొదటి వరుసలో లాకరు తాళంచెవి అని రాసుకోండి.